లైను చివరి మోటారు ఎందుకు మూలుగుతుంది?

కాలువ చివరి మడికి నీరు అందనట్లే, కరెంటు లైను చివరి మోటారుకు వోల్టేజీ అందదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నాట్ల వేళ మోటారు కాలిందంటే వైండింగు ఖర్చు ఒక ఎత్తు, నారు ముదిరిపోవడం మరో ఎత్తు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉండగా ఈ అవస్థ ఏమిటని రైతు అడగడం సహజమే. చిక్కంతా మధ్యనున్న తీగలో ఉంది.

తీగ కూడా కరెంటును అడ్డుకుంటుంది. తీగ సన్ననైనకొద్దీ, దూరం పెరిగినకొద్దీ ఆ అడ్డు ఎక్కువ. దానిని ఓంలలో కొలుస్తారు. లెక్క తేలికగా ఉండటానికి మోటారు బదులు హీటరు అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ వద్ద 220 వోల్టులు, తీగ అడ్డు 2 ఓంలు. చివర 20 ఓంల హీటరు పెడితే 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. హీటరుకు 2,000 వాట్లు చేరతాయి, తీగలో పోయేది 200 వాట్లే. హీటర్లు పెంచినకొద్దీ వాటి మొత్తం అడ్డు తగ్గుతుంది. అది 2 ఓంలకు దిగి తీగతో సమానమైనప్పుడు 6,050 వాట్లు చేరతాయి. ఆ లైను ఇవ్వగలిగినది అంతే. అప్పుడు తీగలోనూ 6,050 వాట్లు వేడిగా పోతాయి, చివర మిగిలేది 110 వోల్టులు! ఇంకా పెంచి 1 ఓం చేస్తే చేరేది సుమారు 5,380 వాట్లకు పడిపోతుంది. తీగ దానికి రెట్టింపు తింటుంది.

ఈ సూత్రాన్ని 1840 ప్రాంతంలో యాకోబి అనే శాస్త్రవేత్త చెప్పాడు. సగం పోయినా ఫర్వాలేని రేడియో ఏరియల్‌కు అది పనికొస్తుంది గాని పొలానికి కాదు.

మోటారు సంగతి హీటరు కంటే అధ్వానం. వోల్టేజీ తగ్గితే నీరెత్తడానికి అది మరింత కరెంటు లాగుతుంది, తీగలో వోల్టేజీ ఇంకా పడిపోతుంది, చుట్టలు వేడెక్కి కాలతాయి.

అందుకే 11,000 వోల్టుల లైనును పొలం దాకా తెచ్చి, నాలుగైదు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి వచ్చింది. అదే శక్తిని 415 వోల్టులకు బదులు 11,000 వోల్టులతో పంపితే, అదే తీగలో నష్టం సుమారు 700వ వంతుకు దిగుతుంది. రైతు తన వంతుగా బిగించే కెపాసిటరు కూడా లైనులో వృథా కరెంటును తగ్గిస్తుంది.

ఇక ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కొక్కటి మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు వీటిని తీసేయాలని అధికారులు ఊరూరా చెప్పడానికి ఇదీ ఒక కారణం.