ఇంట్లో సీఎన్‌సీ యంత్రానికి కొత్త కంప్యూటరు కావాలా? అటక మీది పాతది చాలదా?

బళ్లారిలో సీఎన్‌సీ అంటే వర్క్‌షాపుల్లోని పెద్ద లేతు మిషన్లే చాలామందికి గుర్తొస్తాయి. అదే పద్ధతిలో చెక్క మీద, అక్రిలిక్ మీద అక్షరాలు చెక్కే చిన్న యంత్రాలు ఇప్పుడు బల్ల మీదికి వచ్చేశాయి. 3018 అని పిలిచేవి వాటిలో బాగా తెలిసినవి. 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు పనిజాగా కాబట్టి ఆ పేరు. గేటుకు పేరు బోర్డు చేసుకోవడానికి ఇది చాలు.

యంత్రం ఇంటికి రాగానే, దీన్ని నడపడానికి మంచి కంప్యూటరు కొనమని పిల్లలు అడుగుతారు. ఆ డబ్బు తీసేముందు ఒక్క విషయం తేల్చుకోండి. మోటార్లకు పల్సులు పంపేది కంప్యూటరా, యంత్రంతో వచ్చిన బోర్డా?

ఈ యంత్రాల్లో ఉండేవి స్టెప్పర్ మోటార్లు. ఒక పల్సు అందితే ఒక చిన్న అడుగు తిరుగుతాయి. ఉదాహరణకు మోటారు ఒక చుట్టు తిరగడానికి 3200 పల్సులు కావాలి, ఆ చుట్టుకు స్క్రూ 4 మి.మీ. జరుగుతుంది అనుకుందాం. అంటే మిల్లీమీటరుకు 800 పల్సులు. నిమిషానికి 750 మి.మీ. వేగంతో పోతే సెకనుకు 10,000 పల్సులు, ఒక్కోదానికి మధ్య 100 మైక్రోసెకన్లు. ఈ తాళం బాగా తప్పితే మోటారు అడుగులు వదిలేస్తుంది. వదిలిందన్న సంగతి యంత్రానికి తెలియదు. అక్కడినుంచి అక్షరాలన్నీ పక్కకు జరిగిపోతాయి, టేకు ముక్క పొయ్యిలోకే.

3018 రకాల్లో ఎక్కువగా ఈ తాళం వేసేది బోర్డే. దాని మీద జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటుంది. కంప్యూటరు చేసేదల్లా జీ-కోడ్ వరుసల్ని యూఎస్‌బీ తీగలో ఒకదాని వెనుక ఒకటి పంపడమే. ఇందుకు పదేళ్లనాటి ల్యాప్‌టాప్ కూడా ఎక్కువే. కొన్ని యంత్రాలతో మెమరీ కార్డు పెట్టుకునే చిన్న రిమోటు లాంటిది వస్తుంది. అది ఉంటే చెక్కేటప్పుడు కంప్యూటరే అక్కర్లేదు.

రెండో పద్ధతిలో కంప్యూటరే పాత ప్రింటర్ పోర్టు గుండా పల్సులు పంపుతుంది. లినక్స్‌సీఎన్‌సీ ఇలా పనిచేయగలదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పుట్టిన ప్రోగ్రాం ఇది. ఇక్కడ ప్రాసెసర్ వేగం కన్నా సమయపాలన ముఖ్యం. ఖరీదైన కొత్త ల్యాప్‌టాప్ కరెంటు పొదుపు కోసం మధ్యమధ్యలో కునికిపాట్లు పడి ఓడిపోవచ్చు, పాత డెస్క్‌టాప్ గెలవచ్చు. లినక్స్‌సీఎన్‌సీలోనే లేటెన్సీ పరీక్ష ఉంది. కాసేపు నడిపి, ఆలోగా వీడియోలు, ఫైళ్లు తెరిచి కంప్యూటరును సతాయించండి. ఆలస్యం 20 మైక్రోసెకన్లలోపు ఉంటే చాలా బాగు. 30 నుంచి 50 ఉంటే పని జరుగుతుంది, వేగం తగ్గుతుంది. 100 దాటితే ఈ పద్ధతికి పనికిరాదు. కాబట్టి సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనేవారు ఈ పరీక్ష చేశాకే డబ్బివ్వండి.

రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటరు జీఆర్‌బీఎల్ బోర్డుకు చక్కని జోడీ. సీఎన్‌సీజేఎస్ వేసుకుంటే ఫోన్లోనే యంత్రాన్ని చూసుకోవచ్చు. కానీ ఫోను చార్జర్‌తో నెట్టుకురావద్దు. పై 4కు 5 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టరు కావాలి. కరెంటు ఉన్నట్టుండి పోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదమూ ఉంది.

అసలు బలమైన కంప్యూటరు కావాల్సింది డిజైన్‌కు. ఆ పని ఇంట్లో ఉన్న వేరే కంప్యూటర్లో చేసుకుని ఫైలు తెచ్చుకోవచ్చు. మన లిపికి ఇక్కడే ఇబ్బంది. అక్షరాల కూర్పు తెలియని ప్రోగ్రాంలో 'శ్రీలక్ష్మి నిలయం' అని కొడితే ఒత్తులు విడిపోతాయి. కన్నడానికీ ఇదే బాధ. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటుతో పేరు రాసి, దాన్ని పాత్‌గా మార్చి ఎస్‌వీజీ ఫైలుగా దాచుకుంటే అక్షరాలు గీతలైపోతాయి, ఇక చెదరవు. దుకాణం బోర్డు చేసేవారికి ఒక మాట: కర్ణాటకలో 2024 చట్ట సవరణ ప్రకారం 60 శాతం కన్నడ ఉండాలి, అదీ పై సగంలో. తెలుగు దాని కింద.

మన ఊరి ఎండను, దుమ్మును మరిచిపోవద్దు. ఫ్యాను ఉన్న సీపీయూను యంత్రం పక్కనే పెడితే చెక్కపొట్టు లోపలికి లాగేస్తుంది. ఫ్యాను లేని చిన్న కంప్యూటరైతే నయం, కానీ గాలాడని పెట్టెలో మూసేయకండి.

చెక్కే మోటారు రేపే విద్యుత్ అలజడికి యూఎస్‌బీ సంబంధం తెగి పని సగంలో ఆగడం మామూలు ఫిర్యాదు. పొట్టి షీల్డు తీగ వాడండి, ఎర్తింగ్ లేని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ తీసేయండి. ఇంటి ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలోనే కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అనుకోవద్దు. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది, తానెక్కడుందో మరిచిపోతుంది. రెండింటికీ బ్యాకప్ ఉండాలి.

కంప్యూటర్లో స్లీప్, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి, మొదటి బోర్డును బిట్ చెక్కకు తగలకుండా పైన గాలిలోనే చివరిదాకా నడిపించండి. బయలుదేరిన గుర్తు దగ్గరికే బిట్ తిరిగి వస్తే అప్పుడు టేకు బిగించండి.