బల్ల ఎత్తు మోచేయి చెప్పాలి

ఆఫీసు కుర్చీ కొనేవాళ్లు వెన్నుకు ఆనుడు బాగుందా, ఎత్తు మార్చుకోవచ్చా అని ఒకటికి నాలుగుసార్లు చూస్తారు. ఆ కుర్చీ తయారుచేసిన మనిషి మాత్రం చాలా ఫ్యాక్టరీల్లో తన ఒంటికి పొసగని బల్ల దగ్గరే రోజంతా నిలబడతాడు. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, జబ్బలు లాగేస్తాయి. వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంటాడు. చాలాసార్లు తప్పు బల్ల ఎత్తుది.

మన వడ్రంగులు తరతరాలుగా నేలమీద కూర్చుని, చెక్కను పాదాలతో అదిమిపట్టి చిత్రిక పట్టేవారు. ఆ పద్ధతిలోనూ మోకాళ్లకు, నడుముకు శ్రమ ఉంది కానీ, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు సర్దుకునే వీలుండేది. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. షీట్లు, ప్యానెల్ సా మెషీన్లు వచ్చాక పని నిలబడి చేసేదైంది. మెషీన్ బల్ల ఎత్తు అది తయారైన చోటే ఖాయమైపోతోంది. ఇక సర్దుకోవాల్సింది మనిషే.

పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే శాస్త్రమైన ఎర్గోనామిక్స్ ఈ వరుసను తిరగేస్తుంది. నిలబడి చేసే పనికి బల్ల ఎత్తును మోచేతి నుంచి లెక్కించమంటుంది. సన్నటి చెక్కడం లాంటి పనికి బల్ల మోచేతికన్నా 5 నుంచి 10 సెంటీమీటర్లు పైన ఉండాలి. స్క్రూలు బిగించడం, భాగాలు జోడించడం లాంటి తేలిక పనికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి రావాలి. ఒంటి బరువంతా మోపి చేసే పనికైతే ఇంకా కిందికి దిగాలి.

ఇద్దరు పనివాళ్లను తీసుకుని లెక్క వేద్దాం. మోచేయి సుమారుగా మనిషి ఎత్తులో 63 శాతం దగ్గర ఉంటుంది. 152 సెంటీమీటర్ల మహిళకు అది దాదాపు 96, 175 సెంటీమీటర్ల పురుషుడికి దాదాపు 110 సెంటీమీటర్లు. ఒకే జోడింపు పనికి ఆమెకు 81–86 సెంటీమీటర్ల బల్ల కావాలి, అతనికి 95–100 కావాలి. మధ్యేమార్గమని 90 దగ్గర బల్ల వేస్తే ఆమె జబ్బలు ఎత్తాలి, అతను వంగాలి. ఇద్దరికీ నొప్పే మిగులుతుంది.

సగటు కొలత ఎంత మోసం చేస్తుందో అమెరికా వైమానిక దళానికి 1950లో తెలిసొచ్చింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే పరిశోధకుడు 4,063 మంది పైలట్ల కొలతల్లో పదింటిని ఎంచుకుని, ఆ పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారెవరని చూశాడు. ఒక్కరూ లేరు. పైలట్ సీటును సర్దుకునేలా చేయాలన్న వాదనకు ఆ ఫలితం బలమిచ్చింది.

అందుకే డిజైనర్లు సగటును పక్కనపెట్టి రెండు చివరలూ చూస్తారు. వందమందిని పొట్టి నుంచి పొడుగుకు నిలబెడితే ఐదో మనిషికి పైఅర అందాలి, తొంభై అయిదో మనిషికి బల్ల కింద కాళ్లు పట్టాలి. ఇందుకు భారతీయుల కొలతలే కావాలి. దేబ్‌కుమార్ చక్రవర్తి సంకలనం చేసిన కొలతల పుస్తకాన్ని అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే ప్రచురించింది.

ఎత్తుతోపాటు బరువూ ఉంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎం.డి.ఎఫ్. షీటు సుమారు 40 కిలోలు తూగుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి ఎత్తడానికి సిఫారసు చేసే గరిష్ఠ బరువు 23 కిలోలు. పైగా షీట్లు అయిపోయేకొద్దీ దొంతర కిందికి దిగుతుంది, అడుగు షీటు తీసేవాడు నేలదాకా వంగాలి. దొంతర కింద పైకీ కిందికీ జరిగే వేదిక, అంటే సిజర్ లిఫ్ట్ పెడితే షీటు ఎప్పుడూ మెషీన్ బల్ల ఎత్తులోనే ఉంటుంది. ఎత్తే పని పోయి జరిపే పని మిగులుతుంది.

చిన్న వర్క్‌షాపులకు ఇంత ఖర్చు కుదరకపోవచ్చు. కానీ చెక్కపని వాళ్ల చేతిలోనే ఉంది కదా! పొడగరి పనిచేసే బల్ల కాళ్ల కింద దిమ్మలు బిగించవచ్చు, పొట్టివాళ్లకు వెడల్పాటి, జారని చెక్క వేదిక వేయవచ్చు. నిలబడి పనిచేసేవాళ్లకు మధ్యమధ్య కూర్చునే వీలు కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ అప్పట్లోనే చెప్పింది.

కొత్త బల్లలకు ఆర్డరిచ్చే ముందు యజమానులు ఒక టేపు తీసుకుని, పనివాళ్లను చెప్పులతోనే నిలబెట్టి మోచేయి ఎత్తు కొలవాలి. ఎక్కడ నొప్పెడుతోందో వాళ్లనే అడగాలి. బల్ల కొలతలు ఆ తర్వాతే రాసుకోవాలి.