ఫెరెట్‌కు పెట్టదగిన చిరుతిండి

ఇంటికి వచ్చినవారి నోరు తీపి చేసి పంపడం తెలుగువారి ఆచారం. ఆ ఆదరణ పెంపుడు జంతువులకు కూడా లభించడం సహజమే. అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ పెరుగుతున్న మన పిల్లలలో కొందరు కుక్కను, పిల్లిని కాక ఫెరెట్‌ను కోరుకుంటూ ఉంటారు. చూడటానికి ముంగిసను తలపించినా ఇది ముంగిస జాతికి చెందినది కాదు. నీటికుక్కకు దగ్గర బంధువు. దీని శాస్త్రీయనామం ముస్టెలా ఫ్యూరో. ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువును సుమారు రెండు వేల సంవత్సరాల క్రిందటే మానవుడు కుందేళ్ల వేటకోసం మచ్చిక చేసుకోగా ఏర్పడిన జంతువిది. స్వభావం సాధువైనా దాని జీర్ణవ్యవస్థ మాత్రం వేటజంతువుదిగానే మిగిలిపోయింది. దానికి పెట్టే చిరుతిండిని ఎంచుకోవడంలో గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

జీర్ణవ్యవస్థ తీరు

ఫెరెట్ కేవల మాంసాహారి. దాని ప్రేగులు పొట్టివి. పీచుపదార్థాన్ని సూక్ష్మజీవుల సాయంతో విడగొట్టే అంధనాళం దానికి లేదు. తిన్న ఆహారం మూడు, నాలుగు గంటలలో శరీరం నుండి వెలుపలికి వచ్చేస్తుంది. ఇంత స్వల్పకాలంలో దానికి బాగా ఒంటబట్టేవి జంతుసంబంధమైన మాంసకృత్తులు, కొవ్వులు. అందుచేతనే దాని పొడి ఆహారంలో మాంసకృత్తులు 30 నుండి 40 శాతం, కొవ్వు 15 నుండి 20 శాతం ఉండాలనీ, పీచు 3 శాతం మించరాదనీ చెబుతారు. శరీరానికి కావలసిన గ్లూకోజును సైతం కాలేయం చాలవరకు అమినో ఆమ్లాల నుండి తయారు చేసుకోగలదు.

ఒక్క కిస్‌మిస్ పండు లెక్క

చిక్కేమిటంటే, ఫెరెట్‌కు తీపి అంటే ఇష్టం. కిస్‌మిస్, అరటిపండు ముక్క చూపితే పరుగెత్తుకొని వస్తుంది. కాని నాలుకకు నచ్చినదంతా ఒంటికి మేలు చేయదు. ఒక చిన్న లెక్క చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. కిలో బరువున్న ఫెరెట్ శరీరంలో ఉండే రక్తం సుమారు 60 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఆ రక్తమంతటిలో ఉండే గ్లూకోజు దాదాపు 60 మిల్లీగ్రాములు. అర గ్రాము తూగే ఒక కిస్‌మిస్ పండులో చక్కెర సుమారు 300 మిల్లీగ్రాములు. అనగా రక్తంలో ఉన్నదానికి అయిదు రెట్లు. శరీరపు బరువునుబట్టి చూస్తే, 25 కిలోల పిల్లవాడు ఒక్కసారిగా 25 పండ్లు తిన్నట్లు. ఈ చక్కెరను సర్దుబాటు చేయడానికి క్లోమం ఇన్సులిన్‌ను స్రవించవలసి వస్తుంది.

మూడేళ్లు దాటిన ఫెరెట్లలో, ముఖ్యంగా అమెరికాలో, ఇన్సులిన్‌ను స్రవించే క్లోమకణాలలో కంతులు ఏర్పడటం తరచుగా కనిపించే వ్యాధి. పిండిపదార్థాలు అధికంగా గల ఆహారం ఇందుకు ఒక కారణం కావచ్చునన్న అనుమానం పశువైద్యులలో ఉన్నది. అది ఇంకా రుజువు కాలేదు. అయితే కంతి ఏర్పడిన తరువాత తీపి పెట్టడం ప్రమాదకరమన్న విషయంలో సందేహం లేదు. చక్కెర అందగానే కంతి మరింత ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. కొద్దిసేపటికే రక్తంలో గ్లూకోజు మునుపటికంటె దిగజారుతుంది. శూన్యంలోకి చూస్తూ నిలబడిపోవడం, చొంగ కారడం, ముంగాళ్లతో మూతి గీరుకోవడం, వెనుకకాళ్లు తూలడం దీని లక్షణాలు. జంతువు కుప్పకూలినా, మూర్ఛ వచ్చినా చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. మూర్ఛ సమయంలో నోటిలో వ్రేలు పెట్టరాదు. తేనె ఆ ఆపత్సమయంలో మందే గాని చిరుతిండి కాదు.

మన వంటింటి పదార్థాలు

ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు కుక్కలలోనూ, పిల్లులలోనూ ఎర్ర రక్తకణాలను ఛిద్రం చేస్తాయి. ఉడికించినంతమాత్రాన వాటి గుణం పోదు. కనుక కూరలోని మాంసపు ముక్కను కడిగి ఫెరెట్‌కు పెట్టడం మంచిది కాదు. ద్రాక్షవల్ల కుక్కల మూత్రపిండాలు దెబ్బతినడానికి టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండవచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు కొందరు సూచించారు. ఆ ఆమ్లం చింతపండులో సమృద్ధిగా ఉంటుంది. పులిహోరను కూడా ఫెరెట్‌కు అందకుండా ఉంచడమే క్షేమం. పాలలోని లాక్టోజు అరగక విరేచనాలవుతాయి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, చక్కెరలేని చూయింగ్‌గమ్‌లోని జైలిటాల్ మరింత ప్రమాదకరాలు. పచ్చి క్యారట్ ముక్కలు, జీడిపప్పు వంటివి అరగకపోగా ప్రేగుకు అడ్డుపడే అవకాశం ఉన్నది.

పెట్టదగినవి

ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం చిటికెడు, ఉడికిన గుడ్డు కొద్దిగా, ఎండించిన మాంసపు తునకలు చక్కని చిరుతిళ్లు. పచ్చి గుడ్డులోని తెల్లసొనలో ఉండే ఎవిడిన్ అనే మాంసకృత్తి బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటబట్టనీయదు. ఉడికిస్తే ఆ దోషం పోతుంది. కాలేయం రుచికరమే గాని, విటమిన్ ఏ మోతాదు మించకుండా వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలకే పరిమితం చేయాలి. ఉడికిన ఎముకలు చీలికలై గుచ్చుకుంటాయి, పెట్టరాదు. అంగడిలో ఫెరెట్‌కని అమ్మే పొట్లంపై కూడా పదార్థాల జాబితా చదవాలి. మొదట మాంసం పేరు ఉండి, చక్కెర, మొలాసిస్, ధాన్యపు పిండి లేనిదే కొనదగినది. ఎంత మంచిదైనా చిరుతిండి రోజు మొత్తం ఆహారంలో పదవ వంతు మించరాదు.

ఫెరెట్ పిల్లగా ఉన్నప్పుడు రుచి చూసినదాన్నే పెద్దయ్యాక ఆహారంగా గుర్తిస్తుంది. అందువల్ల మొదటి ఆరు నెలలలోనే రకరకాల మాంసాలు అలవాటు చేయాలి. గోళ్లు కత్తిరించేటప్పుడు దాని పొట్టపై రెండు చుక్కల చేపనూనె వేస్తే, అది నాకుతూ కదలక ఉంటుంది; తిండి పనికి కూడా వస్తుంది.

శాకాహార నియమం పాటించే కుటుంబాలు ఫెరెట్‌ను తెచ్చుకోవడానికి ముందే ఆలోచించుకోవలసి ఉన్నది. పెరుగన్నంతో, పప్పుతో ఈ ప్రాణి బ్రతకజాలదు. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాలలోనైతే దీనిని పెంచడమే చట్టవిరుద్ధం. తెచ్చుకున్నవారు మాత్రం పిల్లలకు ఒక్క మాట నేర్పితే చాలు: తాము ఇష్టపడేదాన్ని కాక, దాని ఒంటికి సరిపడేదాన్ని పెట్టాలని.