సమీప క్షేత్ర కొలతలు – యాంటెన్నా వికిరణ సరళి: మచిలీపట్నం రాడార్ నేపథ్యం

ఉపోద్ఘాతం:
1977 నవంబర్ 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తీరానికి చేరువలోని మచిలీపట్నంలో భారత వాతావరణ శాఖ 2004లో డాప్లర్ రాడార్‌ను నెలకొల్పింది. రాడార్ ఇచ్చే వర్షపాత అంచనా నమ్మదగినదా అన్నది చాలావరకు దాని యాంటెన్నా వికిరణ సరళిపై ఆధారపడుతుంది. ఏ దిశలో ఎంత శక్తి ప్రసరిస్తుందో తెలిపే చిత్రమే వికిరణ సరళి. దానిని దగ్గరి నుండే కొలిచి నిర్ణయించే పద్ధతిని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

సమస్య స్వరూపం:
ఇటువంటి ఎస్-బ్యాండ్ రాడార్లలో సాధారణమైన 8.5 మీటర్ల డిష్‌ను, 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యాన్ని తీసుకుందాం. వ్యాసం వర్గాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే 1,445 మీటర్లు వస్తుంది. సరళి స్థిరరూపం పొందే 'దూర క్షేత్రం' అక్కడి నుండి మొదలవుతుంది. కొండలు లేని డెల్టాలో అంత దూరాన, నేల ప్రతిఫలనాలు సోకని ఎత్తున కొలత పరికరాన్ని నిలపడం కష్టం.

పద్ధతి:
చేపల చెరువులో గుప్పెడు గులకరాళ్లు ఒకేసారి విసిరితే, పడినచోట అలలు కలగాపులగంగా ఉంటాయి. దూరాన తీరైన రూపం పొందుతాయి. ఆ తీరుకు కావలసిన సమాచారమంతా మొదటి కలగాపులగంలోనే ఉన్నది. యాంటెన్నా విషయమూ అంతే. దాని ముందు కొన్ని తరంగదైర్ఘ్యాల దూరంలో ఒక తలాన్ని ఊహించి, అర తరంగదైర్ఘ్యానికి, అంటే 5 సెంటీమీటర్లకు మించని ఎడంతో చిన్న గ్రాహకాన్ని జరుపుతూ ప్రతి బిందువు వద్ద తరంగ పరిమాణాన్ని, దశను నమోదు చేస్తారు. 10 మీటర్ల చదరపు తలానికి సుమారు 40,000 బిందువులు కావాలి. పరిమాణం అల ఎంత బలమైనదో చెబుతుంది. దశ అది ఎటు సాగుతున్నదో సూచిస్తుంది. ఫూరియే పరివర్తనం ఈ కొలతలను వివిధ దిశలలో సాగే సమతల తరంగాలుగా విడదీస్తుంది. గ్రాహకపు సొంత ప్రభావాన్ని తొలగిస్తే మిగిలేదే దూర క్షేత్ర సరళి. అయితే ఆ తలం పట్టుకోని పక్క, వెనుక దిశల గురించి ఈ లెక్క ఏమీ చెప్పలేదు.

ప్రయోజనం:
యాంటెన్నా లబ్ధిని 1 డెసిబెల్ ఎక్కువగా లెక్కించామనుకుందాం. పంపేటప్పుడు, అందుకొనేటప్పుడు కలిసి దోషం 2 డెసిబెల్స్ అవుతుంది. 1948 నాటి మార్షల్–పామర్ సూత్రం ప్రకారం వర్షపాత అంచనా దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. పార్శ్వ పుంజాలు బలంగా ఉంటే, వేరే దిశ నుండి వచ్చిన ప్రతిధ్వని ఎదుటి మేఘానిదిగా నమోదవుతుంది.

ముగింపు:
గుడివాడ చేలపై కురిసే వానను, దివిసీమ వైపు కదిలే తుఫానును సరిగా అంచనా కట్టాలంటే ముందు రాడార్ చూపును సరిగా కొలవాలి. సమీప క్షేత్ర పద్ధతి కిలోమీటరుకు పైగా దూరాన జరగవలసిన ఆ పనిని ఒక గదిలోకి తెస్తున్నది.