జింకు దొరకని రేగడి

1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నిజాంసాగర్ కాలువ నీళ్లతోనే బోధన్ రేగళ్లలో చెరకు పెరిగింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది చెరకు వదిలి వరికి మళ్లారు. వానాకాలం వరి, యాసంగి మళ్లీ వరి. మడిలో నీళ్లు నిలిచే రోజులు పెరిగేసరికి నేల తీరు కూడా మారింది.

నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో మడిలోకి దిగి చూడండి. పైనుంచి మూడో నాలుగో ఆకులో మధ్య ఈనె పాలిపోయి, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తున్నాయా? వంచితే ఆకు పెళుసుగా, చప్పుడు చేస్తూ విరుగుతోందా? పైరు గిడసబారి పిలకలు తగ్గాయా? అయితే అది జింకు లోపం. తెగులనుకొని మందు కొడితే డబ్బు పోతుంది గాని మచ్చ పోదు.

నేలలో జింకు బొత్తిగా లేకపోవడం వల్లే ఇలా అవుతుందనుకోవద్దు. రేగడిలో సున్నం, క్షారగుణం ఎక్కువ. అక్కడ జింకు కరగని రూపంలోకి పోతుంది. నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే ఇంకా బిగుసుకుంటుంది. దానికి తోడు ఏటా వేసే డీఏపీ. అందులో 46 శాతం భాస్వరమే. పైరు తీసుకోగా మిగిలింది మట్టిలో పేరుకుంటుంది. అది మితిమీరితే పైరుకు జింకు సరిగా అందదు. భూసార కార్డులో భాస్వరం ‘ఎక్కువ’ అని రాసి ఉన్నా, పక్క రైతు వేశాడని మనమూ బస్తా దింపుకుంటున్నాం. ఇది చూస్తే మనసు కలుక్కుమంటుంది. 1,350 రూపాయలు పోసి లోపాన్ని కొనుక్కోవడమేమిటి?

భూసార పరీక్షకు మట్టి తీసే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. గట్టు, పెంటకుప్ప, చెట్టునీడ వదిలేసి, ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున తీయాలి. జింకు పూత పూసిన రేకు బకెట్టులో కలిపితే జింకు లెక్కే తప్పుతుంది. ప్లాస్టిక్ బకెట్టు వాడండి. ఎరువు సంచిలో అసలు నింపొద్దు.

లోపం తేలితే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. డీఏపీతో కలపకుండా రెండు మూడు రోజుల ఎడం ఉంచాలి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. కొయ్యకాళ్లు కాల్చకుండా దున్ని, తొలకరికి జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే సేంద్రియ కర్బనం పెరుగుతుంది. జింకు పట్టు విడవడానికీ అది సాయం.

పొలమంతా ఒకేసారి మార్చమని ఎవరూ అడగరు. చెరకు, వరి రెండింటి మీదా పనిచేసే రుద్రూరు పరిశోధనా స్థానం దగ్గర్లోనే ఉంది, కార్డు పట్టుకెళ్లి అడగండి. ఈ వానాకాలం ఒక్క మడిలో కార్డు చెప్పినట్టు వేసి, పక్క మడిలో పాత అలవాటు ప్రకారమే వేయండి. నాటిన నలభై రోజులకు రెండింట్లోనూ పది కుదుళ్ల చొప్పున పిలకలు లెక్కపెట్టి, ఎరువుల బిల్లుల పక్కన రాసుకోండి.