పాస్‌పోర్టు మీద తేదీ చదువుదాం

టోలిచౌకిలో ఏ గల్లీకి పోయినా అటువంటి ఇల్లు ఒకటైనా కనబడుతుంది. ఆ ఇంటి కొడుకో, కూతురో, పెనిమిటో దూరదేశంలో ఉంటారు. రాత్రి ఫోను మోగుతుంది. "అమ్మా, బాగున్నవా?" అని అక్కడి నుంచి గొంతు వినబడుతుంది.

మా చదువుల కేంద్రానికి ఒక పెద్దమ్మ వచ్చేది. ఆమె కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. ఒకరోజు పెద్దమ్మ తన ఫోను నా చేతిలో పెట్టింది. అందులో కూతురి పాస్‌పోర్టు ఫోటో ఉంది.

"ఇందులో ఏముందో చెప్పు బిడ్డా" అంది.

"నువ్వే చదువు పెద్దమ్మా" అన్నాను.

"ఇది తెలుగు కాదు కదా! నాకెట్ల వస్తది?"

నిజమే. మన పాస్‌పోర్టు మీద హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. తెలుగు ఉండదు. కాని అంకెలు? అవి మనం నేర్చుకున్నవే. బస్సు మీద ఉండే అంకెలే.

ఫోటో ఉన్న పేజీలో మూడు తేదీలు ఉంటాయి. ముందు రోజు, తర్వాత నెల, ఆ తర్వాత సంవత్సరం రాస్తారు. ఒకటి పుట్టిన తేదీ. ఒకటి పాస్‌పోర్టు ఇచ్చిన తేదీ. ఇంకొకటి దాని గడువు తీరే తేదీ. ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? సంవత్సరాలు పోల్చి చూడండి. అన్నిటికన్నా వెనకటి సంవత్సరం ఉన్నది పుట్టిన తేదీ. అన్నిటికన్నా ముందు రాబోయే సంవత్సరం ఉన్నది గడువు తీరే తేదీ. పెద్దవాళ్ల పాస్‌పోర్టు 10 ఏళ్లు చెల్లుతుంది. 2016 మార్చి 15న ఇచ్చి ఉంటే, 2026 మార్చి 14తో సరి.

పెద్దమ్మ వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది. వేళ్లు మడిచి నెలలు లెక్క పెట్టింది. నాలుగు నెలలే మిగిలాయి. ఆ సంగతి కూతురికి తెలియదు. పాస్‌పోర్టు ఆమె దగ్గర ఉంటే కదా! అది పనిచేసే ఇంటి యజమాని బీరువాలో ఉంది. ఈ ఫోటో ఎప్పుడో విమానం ఎక్కకముందు తీసింది.

గడువు తీరితే ఏమవుతుంది?

పాస్‌పోర్టు వేరు, వీసా వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. పాస్‌పోర్టు పుట్టింటివాళ్లు ఇచ్చేది. "ఈమె మా ఆడపడుచు" అని మన దేశం రాసి ఇచ్చే పుస్తకం అది. వీసా వెళ్లిన ఇంటివాళ్లు ఇచ్చేది. "మా ఇంట్లో ఇన్నాళ్లు ఉండవచ్చు" అని ఆ దేశం చెప్పే మాట అది. గల్ఫు దేశాల్లో ఏళ్ల తరబడి ఉండి పనిచేసుకోడానికి ఇచ్చే అనుమతిని అకామా అంటారు.

అకామా నిలబడేది పాస్‌పోర్టు మీదనే. పాస్‌పోర్టు చెల్లకపోతే అకామా పొడిగించరు. అకామా లేకపోతే జరిమానా పడుతుంది. రోజులు గడిచినకొద్దీ పెరుగుతుంది. పట్టుబడితే జైలుకు పోవాల్సి రావచ్చు. అట్లా కాగితాలు లేకుండా ఉండేవాళ్లను అక్కడ మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. అరబ్బుల నోట అది 'పోనీ, వదిలెయ్' అనే మాట. అక్కడ మనిషికే అది పేరైపోయింది.

ఇది మనవాళ్ల ఒక్కరి బాధ కాదు. టోలిచౌకిలోని పారామౌంట్ కాలనీలో చూడండి. యెమెన్, సోమాలియా, సూడాన్ దేశాల నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్లు అద్దెకుంటారు. వాళ్ల పాస్‌పోర్టు గడువు తీరితే మన పాస్‌పోర్టు ఆఫీసు ఏమీ చేయలేదు. ఢిల్లీలో ఉన్న తమ దేశపు ఎంబసీనే వాళ్లు అడగాలి.

మరి మనవాళ్లు ఎవరిని అడగాలి?

"మన ఆఫీసులనే నేను పైసలు కట్టి తెచ్చి పంపిస్త" అంది పెద్దమ్మ. టోలిచౌకిలో చాలా ఏళ్లు పాస్‌పోర్టు సేవాకేంద్రం ఉండేది. 2025లో దాన్ని రాయదుర్గానికి మార్చారు. ఎక్కడ ఉన్నా, తల్లి పోయి కూతురి పాస్‌పోర్టు తేవడం కుదరదు. కూతురు సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడైతే ఇక్కడే మార్చుకోవచ్చు. అక్కడే ఉంటే అక్కడి భారత ఎంబసీలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. కువైట్‌లో ఎంబసీ ఉంది. సౌదీలో రియాద్‌లో ఎంబసీ, జెద్దాలో కాన్సులేటు ఉన్నాయి. దుబాయిలో కాన్సులేటు ఉంది. దరఖాస్తులు తీసుకోడానికి వేరే కేంద్రాలను కూడా పెడుతుంటారు. "నేను ఇక్కడి నుంచే చేయిస్తా, పైసలు ఇయ్యి" అని ఏ ఏజెంటు అయినా అంటే నమ్మకండి.

గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఖరి నెల దాకా ఆగవద్దు. చాలా దేశాలు ఇంకా 6 నెలలు గడువు ఉంటేనే లోపలికి రానిస్తాయి. పాత పాస్‌పోర్టు, అకామా కార్డు, ఫోటోలు తీసుకుపోవాలి. రుసుము ఆ దేశం డబ్బులో కట్టి రసీదు తీసుకోవాలి. ఒక్కోసారి ఇక్కడి ఇంటికి పోలీసులు విచారణకు వస్తారు. భయపడే పని లేదు. వివరం అడిగి రాసుకుపోతారు. ఇంట్లోవాళ్లకు ముందే తెలిస్తే తడబడరు.

ఇంకో సంగతి. అప్పుడు వేలిముద్ర వేసి పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు ఇప్పుడు సంతకం నేర్చుకుని ఉంటారు. కొత్త దాని మీద సంతకం పెట్టవచ్చు. ఆ మార్పు దరఖాస్తులో చూపాలి, అంతే.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటే?

అసలు చిక్కు ఇదే. పాస్‌పోర్టు యజమానిది కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వం ఆస్తి. కువైట్‌లో కూడా 2015లో ఇంటి పనివాళ్ల కోసం ఒక చట్టం వచ్చింది. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదని అందులో ఉంది. చట్టం ఉన్నంతమాత్రాన బీరువా తాళం తెరుచుకోదు, ఆ మాట నాకూ తెలుసు. ముందు మెల్లగా అడగాలి. "గడువు తీరితే నా అకామా ఆగుతుంది, మీకూ ఇబ్బందే" అని చెప్పాలి. ఇవ్వకపోతే ఎంబసీకి చెప్పుకోవాలి. భారత ప్రభుత్వం 2015లో 'మదద్' అనే ఫిర్యాదుల ఏర్పాటు పెట్టింది. ఇక్కడి ఇంటివాళ్లు కూడా అందులో కంప్యూటరు ద్వారా ఫిర్యాదు రాయవచ్చు.

ఏ కాగితమూ లేనివాళ్లకు ఎంబసీ ఒక తెల్ల కాగితం లాంటిది ఇస్తుంది. దాన్ని 'అవుట్‌పాస్' అంటారు. అది ఇంటికి రావడానికే పనికొస్తుంది. దానితో మళ్లీ పోలేరు.

పెద్దమ్మ ఆ రాత్రే కూతురికి ఫోను చేసింది. తేదీ చదివి వినిపించింది. కూతురు మొదట నమ్మలేదు. "నీకెవరు చెప్పిన్రు?" అని అడిగింది. "ఎవరు చెప్పాలె? నేనే చదివిన" అంది పెద్దమ్మ. యజమాని భార్య రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు బీరువా తీసి ఇచ్చింది.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది. దాని నెంబరు వేరే ఉంటుంది. ఒక ఇంగ్లీషు అక్షరం, 7 అంకెలు. ఆ కొత్త నెంబరును అకామాలో కూడా ఎక్కించుకోవాలి. చాలామంది ఇది మరిచిపోయి తిప్పలు పడతారు. రద్దు చేసిన పాతది పారేయవద్దు. వీసా ముద్ర పాతదానిలోనే ఉంటే రెండూ కలిపి చూపాలి. పిల్లలు ఉంటే వాళ్లది వేరుగా చూసుకోవాలి. చిన్నపిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకే తీరుతుంది.

కూతురు కొత్త ఫోటో పంపింది. పెద్దమ్మ గోడ మీది క్యాలెండరు తీసి, వెనకపక్క ఆ నెంబరు రాసుకుంది. కింద గడువు తీరే తేదీ రాసింది. దానికి ఏడాది ముందు తేదీ కూడా రాసి, చుట్టూ సున్నా చుట్టింది.