వానాకాలంలో ఇంట్లోకి వచ్చే గుల్లలేని నత్తలు

జూన్ రెండవ వారంలో నైరుతి ఋతుపవనాలు ముంబయికి చేరిన కొద్దిరోజులకే, నగరంలోని చాల్‌లలోను, కింది అంతస్తు గదులలోను ఒక పిలవని అతిథి కనబడుతుంది. రాత్రి నీళ్లకోసం లేచినవారి పాదానికి మోరీ గట్టుమీద ఏదో చల్లగా, జిగటగా తగులుతుంది. దీపం వేసి చూస్తే వేలెడు పొడవున నల్లగా ముడుచుకొని ఉన్న జీవి. దానిని జలగ అనుకొని హడలిపోయేవారు ఎందరో. అది జలగ కాదు. రక్తం పీల్చదు, కుట్టదు, వెంటపడదు. అది గుల్లలేని నత్త. ఆంగ్లంలో దీనిని స్లగ్ అంటారు.

మరాఠీలో నత్తను గోగలగాయ్ అంటారు. గుల్ల ఉన్నది శంఖీ, గుల్లలేనిది శేంబీ. ఇందులో గాయ్ అంటే ఆవు. కన్నడిగులు నత్తను బసవనహుళు అంటారు. దాని తలమీది కొమ్ములను చూసి రెండు భాషలవారికీ పశువే గుర్తుకువచ్చినట్లుంది. తెలుగువారి దృష్టి మాత్రం దాని నడకమీద పడింది. ఈ పేర్లు తెలిసి ఉండటం వల్ల ప్రయోజనం కూడా ఉంది. ప్లంబరుతోగాని, సొసైటీ కార్యదర్శితోగాని మాట్లాడేటప్పుడు “మోరీలోనుంచి గోగలగాయ్ వస్తోంది” అంటే సంగతి ఒక్కమాటతో తెలిసిపోతుంది.

ముంబయి తెలుగు కుటుంబాలలో అనేకం పాలమూరు ప్రాంతంనుంచి వచ్చినవి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో సాధారణంగా ఏడాది మొత్తానికి కురిసే వాన ఆరువందల మిల్లీమీటర్ల చిల్లర. ముంబయిలో జూన్ నుంచి సెప్టెంబరు లోపలే రెండువేల మిల్లీమీటర్లు దాటుతుంది. ఊరిలో ఎన్నడూ చూడని జీవి ఇక్కడ పడకగదిలో ప్రత్యక్షం కావడానికి కారణం ఇదే. నత్త శరీరంలో అధికభాగం నీరు. గుల్ల లేనందున ఆ నీటిని కాపాడుకోవడానికి దానికి తడి, చీకటి తప్ప వేరే ఆధారం లేదు. పగలు రాళ్లకింద, పూలకుండీల అడుగున, కుళ్లిన ఆకులలో, కాలువ పలకల సందులలో దాగి రాత్రివేళ మేతకు బయలుదేరుతుంది. నగరంలో తరచుగా కనిపించే రకం ఆఫ్రికానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినది. బల్లపరుపుగా, తోలువలె గరుకుగా ఉండి, వీపు మధ్య పొడవునా లేతరంగు గీత ఒకటి కలిగి ఉంటుంది.

నత్త కనబడిన ఇల్లు మురికి ఇల్లు అనే అభిప్రాయం చాల్‌లలో బలంగా పాతుకుపోయింది. ఈ అపవాదుకు వెరచి కొన్ని కుటుంబాలు విషయాన్ని బయటికి చెప్పకుండా రాత్రికి రాత్రి ఉప్పు చల్లి ఊరుకుంటాయి. ఇది సరికాదు. రోజుకు రెండుసార్లు కడిగి తుడిచే ఇంటికి కూడా నత్త వస్తుంది. నిజానికి కడిగిన నేల ఆరకపోతే ఇంకా సుఖంగా వస్తుంది. నత్త చెప్పే విషయాలు రెండే. ఇంట్లో ఎక్కడో తడి నిలుస్తోంది. బయటినుంచి లోపలికి దారి ఒకటి తెరిచి ఉంది. ఆ రెండింటినీ పట్టించుకోకుండా కనబడినదానిని చంపుతూ పోతే రేపు మరొకటి వస్తుంది.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవలసి ఉంది. ఉప్పు తగిలిన నత్త శరీరంనుంచి నీరు బయటికి లాగబడుతుంది. అది మెలికలు తిరుగుతూ నురుగువంటి జిగురును విపరీతంగా విడుస్తుంది. చిన్న మోతాదు పడితే చావకుండా పాకిపోతుంది కూడా. నేలమీద మిగిలే జిగురును కడగడం నత్తను ఏరివేయడంకన్నా కష్టం. కుండీలలో చల్లిన ఉప్పు మొక్కను చంపుతుంది. గడపకు అడ్డంగా బూడిదో, సున్నమో గీతగా పోసే అలవాటు కూడా ఉంది. పొడిగా ఉన్నంతసేపు అది నత్తను ఆపుతుంది. అయితే ముంబయి జూలైలో పొడిగా ఉండే బూడిద ఎక్కడిది? రాగి పట్టీలమీద నమ్మకం పెట్టుకొని డబ్బు ఖర్చు చేయవలసిన అవసరం లేదు.

చేయవలసిన పని ఇంతకంటె సులువైనది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొనిగాని, పాత పట్టకారుతోగాని నత్తను పట్టుకొని, సబ్బు కలిపిన వేడినీళ్లు ఉన్న డబ్బాలో వేసి మూత పెట్టాలి. మరునాడు దానిని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయవచ్చు. కిటికీలోనుంచి కిందికి విసిరితే అది పొరుగింటివారి మోరీ చేరుతుంది. జిగురు చేతికి అంటితే వెంటనే నీళ్లు పోయకూడదు. ఆ జిగురు నీటిని పీల్చుకొని మరింత సాగుతుంది. ముందు పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి. నేలమీది మరకకూ ఇదే పద్ధతి.

ఇక దారి. రాత్రి పది దాటిన తరువాత టార్చిలైటు పట్టుకొని ఒకసారి చూసినవారికి వారంరోజుల ఊహాగానాలు తప్పుతాయి. నత్త నడిచినచోట వెండిపూతవంటి చార ఆరిపోయి మిగులుతుంది. ఉదయం నేల కడగకముందే ఆ చార వెంట వెళ్లితే అది ఎక్కడ మొదలైందో దాదాపు ఎల్లప్పుడూ తెలుస్తుంది. తలుపు కింది సందు, కిటికీ చట్రం మూల, నీటి గొట్టం గోడలోకి వెళ్లేచోట మిగిలిన కన్నం, అన్నిటికన్నా ఎక్కువగా మోరీ జాలీ.

మోరీ నీరు గోడ వెలుపలి గొట్టంలోకి పోయేముందు నేలలో ఒక చిన్న తొట్టెవంటి అమరిక ఉంటుంది. ప్లంబర్లు దానిని నహానీ ట్రాప్ అంటారు. దాని వంపులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ నీరే దుర్గంధాన్ని, బొద్దింకలను, నత్తలను వెలుపల ఆపే తలుపు. పాత చాల్‌లలో ఈ ట్రాప్ పగిలిపోయి ఉండవచ్చు. లేదా దాని లోపలి గిన్నెను శుభ్రం చేయడానికి తీసి తిరిగి పెట్టకుండా వదిలివేసి ఉండవచ్చు. కొన్నిచోట్ల అసలు ట్రాప్ ఉండదు. మోరీనుంచి గొట్టం నేరుగా వెనుక గల్లీలోకి తెరుచుకుంటుంది. జాలీ ఎత్తి దీపం వేస్తే నిలిచిన నీరు మెరుస్తూ కనబడాలి. కనబడకపోతే లోపం అక్కడే ఉంది. నీరు ఉండికూడా నత్త వస్తూ ఉంటే, ట్రాప్ చుట్టూ పలకల మధ్య సిమెంటు ఊడిపోయి ఏర్పడిన పగుళ్లను చూడాలి. వేలు దూరని సందులో నత్త దూరుతుంది, ఎముక లేని శరీరం కనుక. తెల్ల సిమెంటుతో ఆ పగుళ్లు పూడ్చి, జాలీమీద సన్నని కన్నాలున్న స్టీలు వల బిగించడం అరపూట పని. రాత్రివేళ జాలీమీద బరువైన రాయి పెట్టడంవల్ల చుట్టూ ఉన్న పగుళ్లు మూతపడవు.

మోరీ పక్కన తడిసిన పోగులు, నేలమీద పెట్టిన ఉల్లి, బంగాళదుంపల సంచులు, గోడకు ఆనించిన అట్టపెట్టెలు వానాకాలమంతా నత్తకు ఇళ్లు. వాటిని నేలకు ఎత్తున ఉంచితే చాలు. వరండాలోని కుండీల అడుగు పళ్లాలలో నీరు నిలవనీయరాదు. అప్పుడప్పుడు కుండీ ఎత్తి అడుగున జిగురులో చుట్టుకొని ఉన్న లేతరంగు గుడ్లు కనిపిస్తే తీసివేయాలి. ఒక్క గుడ్ల మూటను తీయడం తరువాతి నెలలో పదుల సంఖ్యలో పిల్లనత్తలను ఏరడంతో సమానం. ఆవరణలో ఎక్కువగా ఉన్నచోట మహారాష్ట్ర రైతులు పాటించే ఉపాయం ఒకటి పనికివస్తుంది. బెల్లం కరిగించిన నీటిలో గోనెసంచి తడిపి సాయంత్రం గోడవెలుపల పరిచితే, తెల్లవారేసరికి నత్తలు దాని కిందికి చేరుతాయి. సూర్యుడు పైకి రాకముందే సంచి ఎత్తి వాటిని ఏరివేయాలి. ఇది ఇంటి వెలుపలి పని. సంచిని లోపల పరచడం వాటిని ఆహ్వానించడమే.

అంగళ్లలో నత్తలమందుగా అమ్మే గుళికలలో మెటాల్డిహైడ్ అనే విషం ఉంటుంది. అది పొలాలకోసం ఉద్దేశించినది. పది అడుగుల గదిలో, పాకే పిల్లలున్న ఇంట్లో దానికి చోటు లేదు. ఆ గుళికల వాసనకు కుక్కలు కూడా ఆకర్షింపబడతాయి. మింగితే వణుకు, ఆపైన మూర్ఛలు వస్తాయి. పొరపాటున పిల్లవాడు నోట పెట్టుకుంటే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం మాని, మందు పొట్లంతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇంతవరకు చెప్పినది చీదరకు సంబంధించినది. ఇకపైది ఆరోగ్యానికి సంబంధించినది. ఎలుకల ఊపిరితిత్తుల రక్తనాళాలలో బ్రతికే ఒక సన్నని పురుగు ఉంది. దాని పిల్లలు ఎలుక రెట్టలో బయటికి వస్తాయి. ఆ రెట్టను తిన్న నత్తలో పెరుగుతాయి. ఆ నత్తను తిన్న ఎలుకలోకి తిరిగి చేరతాయి. ఈ చక్రంలో మనిషికి స్థానం లేదు. అయినా పచ్చి ఆకుకూరలో అంటుకొని ఉన్న చిన్న నత్తను తెలియక నమిలినా, ఆడుకుంటూ పిల్లలు నోట పెట్టుకున్నా ఆ పురుగు మెదడును చేరి అక్కడ వాపు కలిగించగలదు. ముంబయి ఎలుకలలో ఈ పురుగు ఉన్నదని 1980ల ఆరంభంలోనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. మన దేశంలో మనుషులకు సోకడం అరుదు. కేరళలో వెలుగుచూసిన కేసులలో పచ్చి ఉడుము మాంసం తిన్నవారు ఉన్నారు. అరుదైనదని తెలిసి భయం తగ్గించుకోవచ్చు, కాని జాగ్రత్త తగ్గించరాదు.

పాలకూర, మెంతికూర, తోటకూరలను కట్ట విప్పకుండా నీళ్లలో ముంచి తీయడం కడగడం కాదు. కట్ట విప్పి, ఒక్కొక్క ఆకును ధారకింద రెండువైపులా చూడాలి. ఉప్పునీళ్లలో నానబెడితే నత్తలు ఊడివస్తాయి. ఆ పురుగు చస్తుందన్న హామీ మాత్రం లేదు. మూడు నాలుగు నిమిషాలు బాగా ఉడికితే చస్తుంది. కనుక పప్పులో వేసిన ఆకుకూర విషయంలో చింతించవలసినది లేదు. జాగ్రత్త అవసరమైనవి పచ్చిగా తినేవి: కొత్తిమీర, పుదీనా పచ్చడి, క్యాబేజీ కోసింబీర్. వాటికి నత్త నడిచిన చార కనిపించే ఆకులను వాడకపోవడమే మేలు. రాత్రి కడిగిన పళ్లాలను, పిల్లల పాలసీసాలను మోరీ గట్టుమీద బోర్లించకుండా ఎత్తయిన అరలో పెట్టాలి. నత్త మీద చేయి వేసిన పిల్లలకు సబ్బుతో చేతులు కడిగితే సరిపోతుంది. తాకినంతమాత్రాన ఆందోళన పడవలసినది లేదు. నోట పెట్టుకున్నారని తెలిసినా, ఆ తరువాత ఒకటి నుంచి మూడు వారాలలో విడవని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, చర్మం మీద చీమలు పాకినట్లు తిమ్మిరి వచ్చినా, వైద్యునికి నత్త సంగతి విడిగా చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు అది తోచకపోవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి చివరి చిక్కు ఖర్చు ఎవరిదన్నది. గదిలోపలి జాలీ, పలకల సందులు ఇంటివారు స్వయంగా చూసుకోగలిగినవి. గోడ వెలుపలి గొట్టం, ఉమ్మడి మోరీ, భవనం ఆవరణలోని కాలువ యజమానివి లేదా సొసైటీవి. రెండు భవనాల మధ్య ఉండే హౌస్ గల్లీ చెత్తతో నిండిపోయినా, వీధి కాలువ పొంగినా 1916 నంబరుకు ఫోనుచేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోవాలి. ఆ గల్లీలలోనే ఎలుకలూ పెరుగుతాయి. నగరపాలక సంస్థ కీటకనియంత్రణ విభాగం దోమలతోపాటు ఎలుకల నివారణనూ చూస్తుంది కనుక ఫిర్యాదులో ఎలుకల సంగతి కూడా చేర్చడం ఉచితం. ఒక గది తరఫున వెళ్లిన మాటకన్నా అదే గొట్టానికి మోరీ కలిసిన నాలుగు గదులవారు కలిసి చెప్పిన మాటకు సొసైటీలో విలువ ఎక్కువ. వారిలో కనీసం ఇద్దరు ఇంతకుముందే ఉప్పు చల్లుకుంటూ ఉండి ఉంటారు.

దసరాకో, సంక్రాంతికో ఊరికి వెళ్లి వారాల తరబడి గది మూసి ఉంచేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. వాడకం లేకపోతే నహానీ ట్రాప్‌లోని నీరు ఎండిపోయి దారి తెరుచుకుంటుంది. తాళం వేసేముందు మోరీలో రెండు చెంబుల నీళ్లు పోసి, దానిపైన ఒక చెంచా వంటనూనె వేస్తే ఆ నీరు త్వరగా ఆవిరి కాదు.